ఆరు సెకన్ల జాగా

ఖరీదైన శాంప్లర్‌కూ చవక శాంప్లర్‌కూ తేడా శబ్దంలో ఉంటుందని చాలామంది అనుకుంటారు. నాకు అలా అనిపించలేదు. రెండు వందల డాలర్ల పెట్టెలోంచి, అయిదు వందల డాలర్ల పెట్టెలోంచి ఒకే కొబ్బరికాయ పగిలిన చప్పుడు పక్కపక్కన వినిపిస్తే ఏది దేనిదో నేను చెప్పలేను. చప్పుడు లోపలికి వెళ్లేటప్పుడు, వెళ్లాక దాన్ని కోసేటప్పుడు, కోశాక చేత్తో వాయించేటప్పుడు తేడా తెలుస్తుంది. మనం పోసే డబ్బు ఆ మూడింటికే వెళుతుంది.

శాంప్లర్ పరిచయం లేనివారి కోసం ఒక్క మాట. బయటి శబ్దాన్ని ముక్కగా పట్టుకుని, దాన్ని ఒక ప్యాడ్‌కు కట్టి, వేలితో కొట్టినప్పుడల్లా పలికించే వాద్యం ఇది. ఆ ముక్క శ్రుతి పెంచవచ్చు, దించవచ్చు, వెనక్కి తిప్పి వాయించవచ్చు, ముక్కలను వరుసలో పేర్చి దరువు కట్టవచ్చు. అమెరికాలో హిప్‌హాప్ సంగీతం చాలావరకు ఈ పని మీదే నిలబడింది.

రోలాండ్ కంపెనీ 2024లో పి-6 అనే బుల్లి శాంప్లర్ తెచ్చింది. ధర అమెరికాలో రెండు వందల డాలర్ల పైచిలుకు. మన దగ్గరికి వచ్చేసరికి సుంకాలతో కలిపి ఇంకాస్త పెరుగుతుంది. మైక్ లోపలే ఉంది. ఒకేసారి పదహారు స్వరాలు పలుకుతాయి, 48 ముక్కలు దాచుకోవచ్చు. ఇంత వరకూ వింటే ఇంకేం కావాలనిపిస్తుంది. కానీ పూర్తి నాణ్యతతో, అంటే సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచే వేగంతో రికార్డు చేస్తే ఒక్కో ముక్క 5.9 సెకన్లకు మించదు. స్టీరియోలో అయితే అందులో సగమే. అదే కంపెనీ 2021లో దాదాపు అయిదు వందల డాలర్లకు తెచ్చిన ఎస్పీ-404 ఎంకే2లో ఒక్క ముక్కే పదహారు నిమిషాలు ఉండవచ్చు. లోపలి జాగా పదహారు గిగాబైట్లు, లెక్క వేస్తే సుమారు ఇరవై గంటల శబ్దం పడుతుంది.

ఆరు సెకన్లు తక్కువా? నిమిషానికి 80 దెబ్బల వేగంలో ఆది తాళం ఒక ఆవృత్తం సరిగ్గా ఆరు సెకన్లు పడుతుంది. 5.9లో అది వెంట్రుకవాసి తేడాతో పట్టదు. వేగం 82కి పెంచితే పట్టేస్తుంది. ఈ చిన్న సర్దుబాటు నాకెంతో ఇష్టం. యంత్రం కొలతను బట్టి లయ మారడం చిన్నతనమేమీ కాదు. రికార్డింగు కళ మొదలైననాటి నుంచీ జరుగుతున్నదే అది. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకే పట్టేది కాబట్టి మన గాయకులు గంటసేపు పాడే రాగాన్ని ఆ మూడు నిమిషాల్లోకి దించారు. వాటిలో కొన్నింటిని ఇప్పటికీ వెతుక్కుని వింటాం.

పి-6 ఇంకో దారి కూడా చూపిస్తుంది. కొలిచే వేగాన్ని నాలుగో వంతుకు, 11,025కి దించితే అదే జాగాలో దాదాపు 24 సెకన్లు పడతాయి. బదులుగా అయిదున్నర కిలోహెర్ట్జ్ పైనున్న శబ్దమంతా పోతుంది. డప్పు మీద ప్రయత్నిస్తే ఇది తేటగా తెలుస్తుంది. లావు పుల్ల దెబ్బలోని గుండె అలాగే ఉంటుంది, సన్న పుల్ల చిటపటలు మాత్రం దుప్పటి కప్పినట్టు మూగబోతాయి. కొన్ని పాటలకు ఆ మూగదనమే కావాలి. నిప్పు సెగ తగిలి బిగిసిన డప్పు కంగుమనడమే ముఖ్యమైతే మాత్రం పూర్తి వేగం తప్పదు. ఏ శబ్దంలో ఏది వదులుకోవచ్చో చెవి తేల్చాలి. జాగాకు కొదవ లేని పెట్టెలో ఈ ప్రశ్న పుట్టదు, అందుకే చాలామందికి ఆ చెవి అలవడదు.

1987లో వచ్చిన ఇ-ము ఎస్పీ-1200 శాంప్లర్ అప్పట్లో చవకది కాదు, వేల డాలర్ల యంత్రం. అయినా దాని మొత్తం జ్ఞాపకం పది సెకన్లే. నాణ్యత పన్నెండు బిట్లు, కొలిచే వేగం సెకనుకు 26 వేల చిల్లర. న్యూయార్క్ కుర్రాళ్లు 33 వేగంతో తిరగాల్సిన రికార్డును 45 మీద తిప్పి, పాటను తక్కువ సెకన్లలో లోపలికి ఎక్కించి, తర్వాత శ్రుతి దించి మామూలు వేగానికి తెచ్చేవారు. ఆ దించడంలో వచ్చిన గరుకుదనమే పీట్ రాక్ లాంటి హిప్‌హాప్ నిర్మాతల చేతుల్లో ఒక కాలపు సంగీతానికి గుర్తయింది. అదే కిటుకు పి-6 మీద ఇవాళా పనిచేస్తుంది. ఫోన్‌లో పాట వేగం పెంచి పంపండి, లోపల శ్రుతి దించండి.

ఇక కోత సంగతి. ఎస్పీ-404 ఎంకే2 తెర మీద శబ్దం కొండల వరుసలా కనిపిస్తుంది, ఎక్కడ కోయాలో కంటికి తెలుస్తుంది. పి-6 మీద నాలుగు అక్షరాలు పట్టే అంకెల తెర తప్ప ఏమీ ఉండదు. మొదలు ఎక్కడ, చివర ఎక్కడ అన్నది అంకెలు తిప్పుతూ, కొట్టి వింటూ, మళ్లీ తిప్పుతూ తేల్చుకోవాలి. మొదట్లో విసుగు పుట్టింది. కొన్నాళ్లకు మార్పు గమనించాను. తెర చూసి కోసిన ముక్కలు కొండ మొదట్లో మొదలవుతున్నాయి. విని కోసినవి ఒక్కోసారి దానికి కాస్త ముందు, కొట్టబోయే చేయి గాలిని కదిపిన చోట మొదలవుతున్నాయి. రోకలి రోట్లో పడే ముందు గాజుల గలగల ఒకటి ఉంటుంది. తెర మీద అది గీతంత కూడా ఉండదు, నేను అడ్డంగా కోసి పారేసేవాణ్ని. దరువులో మాత్రం ఆ గలగలే ప్రాణం.

అలాగని తెర లేకపోవడాన్ని ఘనతగా చెప్పను. ఒక పూట రికార్డు చేసిన నలభై శబ్దాలు కోయాలంటే, వేదిక ఎక్కే ముందు ఫలానా ముక్క ఎక్కడుందో వెతకాలంటే తెర కావాలి. ఆ పనికి డబ్బు పెట్టడం న్యాయమే.

చేతి సంగతిలో నాకు అనుమానమే లేదు, ఇక్కడ చవక పెట్టె వెనకబడే ఉంది. 1988 నాటి అకాయ్ ఎంపీసీ-60లో రోజర్ లిన్ పెట్టిన నాలుగు వరుసల పదహారు ప్యాడ్లు ఇంకా చెలామణీలో ఉన్నాయంటే, రెండు చేతుల వేళ్లూ హాయిగా ఆడేంత చోటు వాటికి ఉండడమే కారణం. ఆ వరుసలోనిదే, హిప్‌హాప్ నిర్మాత జె డిల్లా వాడిన ఎంపీసీ-3000 వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది. దెబ్బలన్నిటినీ కచ్చితంగా గీత మీదికి సర్దేయకుండా, కాస్త ముందూ వెనకా పడనిచ్చిన వాయింపు ఆయనది. అలా వాయించాలంటే వేలి బరువు తెలిసే ప్యాడ్ కావాలి. ఎంకే2 ప్యాడ్లకు అది తెలుస్తుంది. పి-6 మీటలు చిన్నవి, పక్క మీట తగలకుండా కొట్టడానికే శ్రద్ధంతా పోతుంది.

నడుమ టీనేజ్ ఇంజనీరింగ్ వారి ఇపి-133 ఉంది, 2023లో 299 డాలర్లకు వచ్చింది. అప్పుడు దాని జ్ఞాపకం 64 మెగాబైట్లు, మోనోలో పదకొండు నిమిషాల పైచిలుకు పట్టేది. వాయించినదాన్నే మళ్లీ పట్టుకుని కొత్త ముక్కగా మార్చే రీశాంప్లింగ్ మొదట అందులో లేదు, తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో చేర్చారు. కొనేటప్పుడు ఉన్నదాన్ని చూసే కొనమంటాను, రాబోయేదాన్ని చూసి కాదు.

ఈ మూడింటిలో పి-6కు మాత్రమే దక్కిన గుణం ఒకటుంది. శబ్దాన్ని నూకల్లా విడగొట్టి, ఆ నూకలను చల్లుతూ కొత్త నాదం పుట్టించే గ్రాన్యులర్ పద్ధతి. ఖరీదైన వాటిలో చాలావాటికి ఇది లేదు. ఒక్క సెకను తంబురా ఇస్తే అది ఆగకుండా సాగే శ్రుతిగా మారుతుంది. ఆరు సెకన్ల కొరతను ఇది చాలావరకు పూడుస్తుంది. గుడి గంట మోత మీద దీన్ని నడిపిస్తే, గంట కొట్టిన క్షణం మాయమై మోత ఒక్కటే మిగులుతుంది. నేను గంటలు గంటలు దాంతో గడుపుతాను.

కరెంటు సంగతి జాబితాల్లో చివర్న రాస్తారు, నాకు ముందుండాలి. పి-6 బ్యాటరీ లోపలే బిగించి ఉంది, ఫోన్ ఛార్జర్ సరిపోతుంది. ఎంకే2కు ఆరు పెన్ సెల్స్, ఇపి-133కు నాలుగు సన్న సెల్స్. జాతరకు వెళ్లి రికార్డు చేసేవాడికి సెల్స్ మంచివి. ఏ ఊళ్లోనైనా కిరాణా కొట్లో పెన్ సెల్ దొరుకుతుంది, ఛార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు దొరక్కపోవచ్చు.

ఏది కొనాలని అడిగే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను ఇలా చెబుతున్నాను. వేదిక మీద చేతులతో వాయించాలనుకుంటే ఆగి, డబ్బు కూడబెట్టి ఎంకే2 లాంటిదే కొనండి, సెకండ్ హ్యాండ్‌దైనా సరే. చుట్టూ ఉన్న శబ్దాలను ఏరుకోవడం మీకు ఇష్టమైతే పి-6 చాలు. ముందుగా స్టీరియో ఆపేయండి, బుల్లి మైక్ బదులు కేబుల్‌తో ఫోన్ రికార్డింగు ఎక్కించండి. డప్పు, రోకలి, కొబ్బరికాయ, ఈ మూడు ముక్కలతోనే ఒక దరువు కట్టి చూడండి, మిగతా 45 జాగాల సంగతి తర్వాత చూసుకోవచ్చు.