పడవలో అరుగు

అమెరికాలోని జార్జియాలో, మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండే పెద్దాయన మొన్న చలికాలంలో తన చిన్న అల్యూమినియం పడవలో చెక్క అరుగు కట్టారు. ఆరు శనివారాలు వాళ్ల గరాజ్‌లో పలక చివర పట్టుకుని నిలబడి, ఆ పనంతా దగ్గర నుంచి చూశాను. చూసేకొద్దీ ఆయన చేతుల మీద గౌరవం పెరుగుతూ వచ్చింది.

అడుగు బల్లపరుపుగా ఉండే ఈ రకం పడవను జాన్ బోట్ అంటారు. పొడవు 14 అడుగులు, అడుగుభాగం వెడల్పు 48 అంగుళాలు కాబట్టి దీన్ని 1448 అని పిలుస్తారు. లోపల అడ్డంగా మూడు బల్లలుంటాయి. కూర్చుని గాలం వేసి ఎదురుచూసేవాళ్లకు అవి చాలు. బాస్ చేప పట్టేవాళ్లు అలా ఎదురుచూడరు. నీట ఒరిగిన చెట్ల కొమ్మల మధ్యకు గురి చూసి ఎర విసురుతారు, లాగుతారు, మళ్లీ విసురుతారు. నిలబడితేనే చెయ్యి పూర్తిగా తిరుగుతుంది, నీటి లోపలికి చూపు ఆనుతుంది. అందుకే అరుగు.

ఆ చేప మీద జార్జియావాళ్ల మమకారం ఈనాటిది కాదు. 1932లో జార్జి పెర్రీ ఇక్కడి మాంట్‌గమరీ లేక్‌లో పట్టిన బాస్ 22 పౌండ్ల 4 ఔన్సులు తూగింది, అంటే పది కిలోల పైమాట. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో దొరికిన చేప ఆ రికార్డుతో సమంగా నిలిచింది. ఈ వేట కోసమే 1948లో లూసియానాలో హోమ్స్ థర్మండ్ స్కీటర్ అనే ప్రత్యేకమైన పడవ తయారుచేశాడు. నేటి పెద్ద బాస్ పడవల్లో అరుగు ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. చిన్న పడవవాళ్లు సొంతంగా కట్టుకుంటారు.

చోటు కలిసొస్తుందని చాలామంది ముందు మధ్యబల్లను కోసేస్తారు. ఆయన దాని జోలికి పోలేదు. పలుచని రేకు గోడలు రెండూ విచ్చుకోకుండా, నొక్కుకోకుండా పట్టి ఉంచేది ఆ బల్లే. దాని కడుపులో ఫోమ్ ఉంటుంది. పడవ నిండా నీళ్లొచ్చినా మునగకుండా, ఒరగకుండా తేలాలని ఇలాంటి చిన్న మోటారు పడవలకు ఇక్కడ చట్టమే ఉంది. కాబట్టి అరుగు ముందుబల్లకూ పడవ ముందు కొసకూ మధ్యనే ఒదగాలి.

కొలతలప్పుడు నేను రసమట్టం అందించబోతే వద్దన్నారు. "ట్రెయిలర్ మీద మట్టం నీళ్లలో మట్టం కాదు" అన్నారు. పడవ రెండంచుల మీదుగా దారాలు బిగించి, ప్రతిచోటా దారం నుంచి కిందికి కొలిచారు. ఆయనకు మట్టం పడవే. అరుగును అంచుకు జానెడు కిందనే ఆపారు. మనిషి ఎంత ఎత్తున నిలబడితే పడవ అంతగా ఒరుగుతుంది మరి.

పడవ గోడలు పైకి పోయేకొద్దీ విచ్చుకుంటాయి, ముందుకు పోయేకొద్దీ దగ్గరవుతాయి. ఆ వంపు కొలతకు లొంగదు. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె కోసి లోపల పరిచి, వృత్తలేఖిని ఒక కాలును గోడకు ఆనించి నడిపిస్తే రెండో కాలు పెన్సిల్‌తో అదే వంపును అట్ట మీద గీసింది. కోత మాత్రం గీత మీద కాదు, పావు అంగుళం లోపలికి. చలికి రేకు ముడుచుకున్నా చెక్క దాన్ని నెట్టకూడదు, పైన పడిన నీరు ఆ సందులోంచి కిందికి పోవాలి.

అసలు కష్టం చెక్కకూ అల్యూమినియానికీ పొత్తు కుదర్చడంలో ఉంది. తడికి పుచ్చకుండా మందు పట్టించిన ప్లైవుడ్ షాపుల్లో దొరుకుతుంది, పడవకు అదే సరైనదనిపిస్తుంది. కానీ ఆ మందులో రాగి ఉంటుంది. తడిసిన రాగి లవణం తగిలిన చోటల్లా అల్యూమినియాన్ని గుంటలు పడేలా తినేస్తుంది. అందుకని ఆయన నీటికి ఊడని జిగురుతో అతికిన మామూలు ప్లైవుడ్ తెచ్చారు. ముప్పావు అంగుళం పలక ఇంచుమించు ముప్ఫై కిలోలుంటుంది. అందుకే అర అంగుళంది తీసుకుని, కింద అడుగుకొకటిగా అల్యూమినియం యాంగిళ్లు అమర్చారు. రివెట్లన్నీ ముందుబల్ల పక్కల మీదే. పడవ గోడకు గానీ అడుగుకు గానీ ఒక్క చిల్లు పెట్టలేదు.

గోదావరి చెక్క పడవల్లో నీరు తగిలితే పలకలు ఉబ్బి సందులు మూసుకుంటాయి. అక్కడ తడి చెక్కకు బలం. ప్లైవుడ్‌కు అదే చావు. పలక ముఖం మీద పడిన నీరు జారిపోతుంది, కోసిన అంచు మాత్రం వత్తి నూనె తాగినట్టు తాగుతుంది. అందుకని ముఖానికి రెండు పూతల ఎపాక్సీ వేస్తే అంచులకు నాలుగు వేశారు. ఆ అంచు మీద వేలు రాసి చూశాను, గాజులా ఉంది.

స్క్రూ చిల్లుల దగ్గర ఆయన పనితనం చూసి ఆగిపోయాను. ఒక్కో చిల్లునూ ముందు కావలసినదానికన్నా పెద్దగా తొలిచారు. దాని నిండా ఎపాక్సీ పోసి గట్టిపడనిచ్చారు. మర్నాడు ఆ గట్టి ముద్ద మధ్యలో స్క్రూ పట్టేంత చిల్లు వేశారు. ఇప్పుడు స్క్రూ పక్క నుంచి నీరు దిగినా దానికి తగిలేది ఎపాక్సీయే, చెక్క కాదు. ఇలాంటివి ఎనిమిది చిల్లులు, ఒక్కోదానికి రెండు రోజులు. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూ అల్యూమినియానికి తగలడం తగ్గేలా కింద నైలాన్ వాషరు కూడా వేశారు.

సామాన్ల అర మూతను వేరే ముక్కతో చేయలేదు, అదే పలకలోంచి కోశారు. చెక్క చార అరుగు మీద నుంచి మూత మీదుగా తెగకుండా సాగుతుంది. పైన కార్పెట్ అతికిస్తే తడి ఆరదని, సన్నని ఇసుక కలిపిన బూడిదరంగు పెయింట్ వేశారు. ఆ చార ఇప్పుడెవరికీ కనబడదు.

మార్చిలో చెరువులో దించాక నన్ను అరుగెక్కమన్నారు. ఎక్కితే పడవ కొంచెం దిగి సర్దుకుంది, పలక కిర్రుమనలేదు. బకెట్‌తో నీళ్లు పోసి చూపించారు. అవి నాలుగు పక్కలా పావు అంగుళం సందుల్లోకి జారి, వెనక గుంటలో చేరాయి. ఒడ్డుకొచ్చి బిరడా తీయగానే బయటికి పోయాయి.

అప్పుడాయన ఎనిమిది స్క్రూలూ విప్పి, ఇద్దరం కలిసి పలక ఎత్తాక, దాన్ని తిరగేసి అడుగువైపు అరచేత్తో తడిమారు. ఎక్కడా తడి లేదు. మళ్లీ బిగించారు.