పేరు, ముఖం: పల్నాటి వీరారాధన నేపథ్యంలో తోట వైకుంఠం రూపచిత్రాలు

రూపచిత్రానికి పోలికే ప్రాణమన్నది సంప్రదాయాభిప్రాయం. కామసూత్రాలకు జయమంగళ వ్యాఖ్య రచించిన యశోధరుడు పేర్కొన్న చిత్రకళా షడంగాలలో రూపభేదం మొదటిది, సాదృశ్యం ఐదవది. సమకాలీన చిత్రకారులు తోట వైకుంఠం ఈ రెండింటినీ బుద్ధిపూర్వకంగా సడలించారు. ఆ సడలింపు వల్ల కలిగిన లాభనష్టాలను పల్నాటి వీరారాధనతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

1942లో కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో జన్మించిన వైకుంఠం బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ వద్ద అభ్యసించారు. ఆయన చిత్రించినవారిలో అధికులు తెలంగాణ పల్లె స్త్రీలు. నల్లని మేనిఛాయ, నుదుట పెద్ద కుంకుమబొట్టు, ముదురురంగు చీర, సిగలో పూలు చిత్రం తరువాత చిత్రంలో పునరావృతమవుతాయి. ముఖాలు మాత్రం తోబుట్టువుల ముఖాలవలె ఉంటాయి. గుర్తింపు కనుముక్కుతీరులో గాక బొట్టులో, కట్టులో నిలిచింది. ఒకప్పుడు రాజులకు, జమీందారులకు దక్కిన రూపచిత్ర గౌరవం పల్లె స్త్రీకి దక్కడం ఈ పద్ధతి సాధించిన విజయం.

ముఖాన్ని గాక చిహ్నాన్ని ఆశ్రయించడం తెలుగునాట కొత్త కాదు. కారంపూడి వీరుల గుడి వద్ద కార్తికమాసంలో రాచగావు మొదలు కల్లిపాడు వరకు ఐదు రోజులు జరిగే ఉత్సవంలో వీరుల ఆయుధాలైన కొణతాలే పూజలందుకొంటాయి. 1947, 1966 సంవత్సరాలలో వచ్చిన ‘పల్నాటి యుద్ధం’ చలనచిత్రాలు ఆ వీరులకు ముఖాలను సమకూర్చాయి. అయినా ఆరాధనలో ఆయుధం స్థానం మారలేదు.

పై రెండింటి సామ్యం ఇంతవరకే. భైరవఖడ్గమనగానే కన్నమదాసు స్ఫురిస్తాడు. అతని ముఖమెట్టిదో తెలియకున్నా పేరు, వంశం, చేసిన పోరు కథకుల నోట నిలిచాయి. వైకుంఠం స్త్రీకి ముఖముంది, పేరు లేదు. ఆయన చిత్రాలలో పెక్కింటికి శీర్షికయే లేదు. తన స్త్రీమూర్తులకు తన తల్లియే ప్రేరణ అని ఆయన చెప్పుకొన్నారు. అనగా ఒకానొక వ్యక్తి నుండి పుట్టిన రూపం క్రమంగా ‘తెలంగాణ స్త్రీ’ అనే జాతివాచకంగా మారింది. కొనుగోలుదారు గుర్తించేది ఆమెను కాదు, చిత్రకారుని శైలిని.

కనుక రూపచిత్ర సంప్రదాయాన్ని పునరాలోచించడమంటే పోలికను విడవడం మాత్రమే కాదు. పోలికను విడిచినచోట ఆ వ్యక్తిని నిలిపే మరొక ఆధారం కావాలి. పల్నాటిలో ఆ ఆధారం కథ. వైకుంఠం చిత్రాలను వర్ణసౌందర్యానికే పరిమితం చేసి ప్రశంసిస్తున్న విమర్శ, ఈమె ఎవరని కూడా అడగవలసి ఉంది.