ఫోటో కడగడమంటే

రీలు కెమెరాల రోజుల్లో స్టూడియోకు వెళ్లి "ఫోటోలు కడిగారా?" అని అడిగేవాళ్లం. డెవలపింగు, ప్రింటింగు అన్నీ కలిపి మనకు కడగడమే. ఆ మాట పుట్టించినవాళ్లెవరో గాని అసలు కీలకం పట్టుకున్నారు. ఫోటో నూరేళ్లు నిలుస్తుందా, ఇరవై ఏళ్లకే చెడుతుందా అన్నది చాలావరకు ఆ నీళ్ల తొట్టి దగ్గరే తేలిపోతుంది.

మామూలు బ్లాక్ అండ్ వైట్ ప్రింటునే చూడండి. వెలుగు తగలని వెండి లవణాన్ని హైపో అనే మందు కరిగిస్తుంది. పని అయ్యాక ఆ హైపోనే కాగితం పీచులో నక్కి ఉంటుంది. దానిలోని గంధకం ఏళ్ల తరబడి వెండిని తినేస్తూ వస్తుంది. పాత పెళ్లి ఫోటోల మీద కనిపించే గోధుమరంగు మరకల్లో చాలా వాటికి మూలం అదే. ప్లాస్టిక్ పూత కాగితానికి కొద్ది నిమిషాల కడుగుడు చాలు. పూత లేని ఫైబర్ కాగితానికి గంట దాకా పారే నీళ్లు కావాలి. పెళ్లిళ్ల సీజన్లో ఆ గంట ఎవరికి దొరుకుతుంది?

హైదరాబాదులో నిజాం కొలువు ఫోటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలానికి చలామణిలో ఉన్న ఆల్బుమెన్ కాగితానిది ఇంకో తంటా. దానికి పూసేది కోడిగుడ్డు తెల్లసొన. సొనతో పెనవేసుకున్న వెండి ఎంత కడిగినా పూర్తిగా వదలదు. అందుకే ఆ తరహా ప్రింట్లలో తెల్లగా ఉండాల్సిన ఆకాశం పసుపు తిరుగుతుంది.

ఈ వెండి బెడద లేని పద్ధతి ప్లాటినం ప్రింటు. విలియం విల్లిస్ 1873లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు. ఇందులో సొన లేదు, జిలటిన్ లేదు. లోహం నేరుగా కాగితం పీచులోనే దిగుతుంది. వెండిలా నల్లబడదు.

తయారీ అంతా చేతిపని. ముందు నూలు కాగితం ఎంచుకోవాలి. అందులో సుద్ద ఉంటే ఆమ్లంలో నానబెట్టి తీసేయాలి, లేకపోతే మందు పాడవుతుంది. ఫెర్రిక్ ఆక్సలేటు అనే ఇనుప లవణం, ప్లాటినం లవణం చుక్కలు లెక్కపెట్టి కలిపి, గాజు కడ్డీతోనో బ్రష్షుతోనో పూస్తారు. పూత ఆరాక నెగటివ్‌ను దాని మీద ఆనించి అతినీలలోహిత కాంతిలో పెడతారు. బొమ్మ నెగటివ్ సైజుకు మించదు.

ఆ తర్వాతి క్షణం చూసి తీరాలి. లేతగా, వెలిసినట్టున్న కాగితం మీద పొటాషియం ఆక్సలేటు ద్రావణం ఒక్కసారిగా గుమ్మరిస్తే బొమ్మ అప్పటికప్పుడే నల్లగా పైకి లేస్తుంది. పోయడంలో తడబడితే గీత పడిపోతుంది. ఆ ద్రావణాన్ని పారబోయరు. తరిగినంత కలుపుకుంటూ, పెరుగు తోడులా ఏళ్ల తరబడి వాడుకుంటారు.

ఇక మళ్లీ కడుగుడే. మిగిలిన ఇనుమును పలచని ఆమ్లంతోనో ఈడీటీఏ అనే రసాయనంతోనో వదిలించాలి. కాస్త మిగిలినా వెలుగు భాగాల్లో పసుపు పొటమరిస్తుంది.

ఖరీదు గురించి చెప్పనక్కర్లేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ప్లాటినం కాగితం కరువైతే, ఇంగ్లండులో చర్చిలను అద్భుతంగా తీసిన ఫ్రెడరిక్ ఇవాన్స్ ఫోటోగ్రఫీనే వదిలేశాడు. 1960లలో అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ కాగితాన్ని అల్యూమినియం రేకుకు అతికించి, ఒకే బొమ్మను పలుమార్లు పూసి ముద్రించడం మొదలుపెట్టాక ఈ పద్ధతికి మళ్లీ ఊపొచ్చింది. ఇవాళ్టి ఇంక్‌జెట్ పిగ్మెంటు ప్రింట్లూ మన్నుతాయి, కాదనను. కాని కాగితానికి తెలుపు తెచ్చే రసాయనాలు కలిపారో లేదో కొనేముందు అడగండి. ఆ తెలుపు ముందే వెలిసిపోతుంది.

ప్లాటినానికీ ఒక వింత గుణం ఉంది. తను చెక్కుచెదరదు గాని తనను ఆనుకున్న కాగితాన్ని త్వరగా ముదరబెడుతుంది. పాత ఆల్బముల్లో ప్లాటినం ప్రింటుకు ఎదురు పేజీ చూస్తే, అక్కడ ఎవరూ ముద్రించని అదే మొహం, కుడి ఎడమలు తారుమారై, లేత గోధుమరంగులో కనిపిస్తుంది.