పగులు ముందే పట్టే విద్య

ఫ్రాన్స్‌లోని లెమాన్‌లో 1923 నుంచి ఇరవై నాలుగు గంటల కార్ల పందెం జరుగుతోంది. ఎవరు ముందు గమ్యం చేరారన్న ప్రశ్న అక్కడ లేదు. పగలూ రాత్రీ తిరిగి ఎవరు ఎక్కువ దూరం పోయారన్నదే లెక్క. 13.6 కిలోమీటర్ల ఆ చుట్టు మీద అందరికన్నా ఎక్కువసార్లు, మొత్తం 19 సార్లు, గెలిచిన కంపెనీ జర్మనీకి చెందిన పోర్షే. ఈ గెలుపుల రహస్యం విశాఖ వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. ఉక్కు కర్మాగారంలో, షిప్‌యార్డులో, రిఫైనరీలో మెయింటెనెన్సు చేసినవాళ్లు ఇంటింటా ఉన్న ఊరిది. మిషను ఆగాక బాగుచేసేవాడి కంటే ఆగకుండా చూసుకునేవాడు గొప్పవాడని ఇక్కడ ఎవరూ నేర్పనక్కర్లేదు.

పోర్షే 1951లోనే లెమాన్‌కు వెళ్లి చిన్న ఇంజిన్ల తరగతిలో గెలిచింది. అందరి మీదా మొదటి స్థానం దక్కడానికి 1970 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడు హాన్స్ హెర్మన్, రిచర్డ్ అట్‌వుడ్ 917 కారును వానలో నడిపి గెలిచారు. చివరిదాకా నిలిచి లెక్కలోకి వచ్చిన కార్లు ఏడే.

917 చట్రం సన్నటి అల్యూమినియం గొట్టాలను వెల్డు చేసి కట్టింది. బరువు తగ్గించడానికి గొట్టాలను బాగా పలచన చేశారు కాబట్టి అతుకు దగ్గర వెంట్రుకంత పగులు వచ్చినా ప్రాణం మీదికే. ఆ పగులు కంటికి ఆనదు. అందుకని ఇంజినీర్లు గొట్టాల్లోకి గ్యాసు ఎక్కించి ఒత్తిడి నిలబెట్టారు. గేజి ముల్లు కిందికి జారిందంటే ఎక్కడో వెల్డు విచ్చినట్టే. కారు తన జబ్బు తానే చెప్పుకునే ఏర్పాటు ఇది. నాకు ఆ పన్నెండు సిలిండర్ల ఇంజిన్ కంటే ఈ గేజే అపురూపంగా కనిపిస్తుంది. మరుసటి ఏడు ఇంకా తేలికైన మెగ్నీషియం చట్రంతో హెల్మూట్ మార్కో, గీస్ వాన్ లెనెప్ 5,335 కిలోమీటర్లు నడిపారు. ఆ దూరాన్ని 2010 దాకా ఎవరూ దాటలేకపోయారు.

ఎంత జాగ్రత్తపడినా ఒక్కోసారి చెడిపోకుండా ఉండదు. అప్పుడేం చేయాలో 1977 పందెం చూపించింది. డ్రైవరు జాకీ ఇక్స్‌కు ఇచ్చిన పోర్షే 936 కారు మొదట్లోనే పాడైపోయింది. ఆయన్ని రెండో కారులోకి మార్చారు. ఇంధన సరఫరాలో లోపం వచ్చి అదీ నలభై స్థానాలు వెనకపడి ఉంది. ఇక్స్ రాత్రంతా వానలో, పొగమంచులో దాన్ని ముందుకు లాక్కొచ్చాడు. ముందున్న రెనో కార్లు ఒక్కొక్కటీ ఇంజిన్లు పోయి ఆగిపోయాయి. తీరా గంట కూడా మిగల్లేదనగా, అదే కారు మరో డ్రైవరు హర్లీ హేవుడ్ చేతిలో ఒక పిస్టన్ పోయింది. వెనకవాళ్లకూ దీనికీ పదికి పైగా చుట్ల ఎడం ఉంది గానీ, గడువు ముగిసే వేళ కారు గీత దాటకపోతే ఆ ఆధిక్యానికి విలువ లేదు. మెకానిక్కులు ఆ సిలిండర్‌ను పక్కన పెట్టేసి, కారును పిట్‌లోనే నిలిపి ఉంచారు. చివరి నిమిషాల్లో యూర్గెన్ బార్త్ ఎక్కాడు. ఆయన పోర్షేలోనే మెకానిక్కుగా పని నేర్చుకున్నవాడు. మిగిలిన ఐదు సిలిండర్లతో మెల్లగా రెండు చుట్లు తిప్పి పందెం ముగించాడు.

1982లో కొత్త నిబంధన వచ్చింది: 1000 కిలోమీటర్లకు 600 లీటర్లకు మించి పెట్రోలు వాడకూడదు. ఇక తొక్కడం ఎంత తెలియాలో, కాలు ఎప్పుడు తీయాలో అంత తెలియాలి. పోర్షే 956 కార్లు ఆ ఏడు 1, 2, 3 నంబర్లు వేసుకుని అదే వరుసలో ముగించాయి. ఆ పొదుపు విద్యను తెలుగు ప్రేక్షకులు కళ్లారా చూసింది 2023 ఫిబ్రవరి 11న, హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున. విద్యుత్ కార్ల ‘ఫార్ములా ఈ’ పందెంలో బ్యాటరీని ఆచితూచి వాడుకుంటూ పోర్షే డ్రైవరు ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టా మూడో స్థానంలో నిలిచాడు.

విశాఖలో కారు కట్టాలనుకునే ఇంజినీరింగ్ విద్యార్థులకు ఈ చరిత్ర దూరమేమీ కాదు. బాహా ఎస్‌ఏఈ ఇండియా పోటీలో నాలుగు గంటల ఎండ్యూరెన్స్ పందెం ఉంటుంది. ఫార్ములా స్టూడెంట్‌లో అయితే సుమారు 22 కిలోమీటర్ల పరుగు మధ్యలో డ్రైవరు మారాక, కాగిపోయిన ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేయాలి. ఇంజిన్ పవరు పెంచడానికి వారాలు పెట్టే కుర్రాళ్లు సస్పెన్షన్ వెల్డుల కోసం ఒక పూట కేటాయించాలి. అందుకు గ్యాసు, గేజి అక్కర్లేదు. ఫ్యాబ్రికేషన్ షాపుల్లో రోజూ చేసే డీపీ టెస్టు చాలు. వెల్డును శుభ్రంగా తుడిచి ఎర్ర రంగు పట్టించి, కాసేపు ఆగి తుడిచేసి, పైన తెల్ల డెవలపర్ కొడతారు. పగులుంటే ఆ తెలుపు మీద సన్నటి ఎర్ర గీత తేలుతుంది. ఆ గీత కాలేజీ వర్క్‌షాపులో కనిపిస్తే దాన్ని గ్రైండ్ చేసి మళ్లీ వెల్డు చేసుకునే వ్యవధి ఉంటుంది.