ఉప్పునీటి అడుగున మంచినీటి ఊట

పొడుగుపాటా, నీకు దండం.

మూడు నిమిషాల్లో ముగిసిపోవడానికి ఒప్పుకోని పాటా, మాట కంటే ముందు ఊరూ ఏరూ తిప్పి చూపించే పాటా, తొందరెరగని తల్లీ, నీకు దండం. మనామా నుంచి ముహర్రఖ్ పోయే వంతెన మీద, పని దిగి బస్సులో వస్తూ, నిన్ను మొదటిసారి మనసు పెట్టి విన్నాను. అటూ ఇటూ ఉప్పునీళ్లు. చెవుల్లో 1982లో ఈ దీవిలోనే పుట్టిన ఒక ఆల్బం. దాని పేరు ఓసిరిస్. చేసిన బృందం పేరూ ఓసిరిస్సే. గిటారు మొహమ్మద్ అల్ సాదెఖీ, డ్రమ్ములు నబీల్ అల్ సాదెఖీ, ఇద్దరూ అన్నదమ్ములు. ఎన్నో ఏళ్లుగా ఈ బహ్రెయిన్ నీళ్లు తాగుతున్నాను. ఈ గడ్డకి ఇలాంటి గొంతు ఉందని ఆ సాయంత్రం దాకా నాకు తెలీదు. దిగాల్సిన స్టాపు దాటిపోయింది. దిగాలనిపించలేదు కూడా.

ఆ రాత్రి గదిలో కుర్రాడికి ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చాను. కాసేపు విని, "ఇంకా మాటలు రాలేదేంటి బాబాయ్?" అన్నాడు.

"వస్తాయిరా. ఇంకా ఒడ్డునే ఉన్నాం" అన్నాను.

నిన్ను ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. పేరు వింటే పరాయి సరుకులా ఉంటుంది గానీ, రాగం తానం పల్లవి విన్న చెవికి నువ్వు కొత్తదానివేం కాదు. రాగం ముందు ఒంటరిగా దారి వెతుక్కుంటుంది. తానంలో దానికి నడక వస్తుంది. పల్లవి వచ్చేసరికి మనం అప్పటికే ఆ ఊరివాళ్లమైపోయి ఉంటాం. 1972లో యెస్ బృందం క్లోజ్ టు ది ఎడ్జ్ అనే ఒక్క పాటని రికార్డు ఒక పక్కంతా, పద్దెనిమిది నిమిషాలకు పైగా పరిచింది. అదే ఏడు జెత్రో టల్ ఇంకా సాహసం చేసి, థిక్ ఆజ్ ఎ బ్రిక్ రికార్డులో రెండు పక్కలకీ కలిపి ఒకటే పాట పెట్టింది. మరుసటి ఏడు పింక్ ఫ్లాయిడ్ వాళ్ల ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ వచ్చింది. అందులో మనీ అనే పాట ఏడు దెబ్బల మీద నడుస్తుంది. తకిట తకధిమి, తకిట తకధిమి. గిటారు వంతు వచ్చినప్పుడు నాలుగుకి మారి, పరుగెత్తి పరుగెత్తి, మళ్లీ ఏడుకి వచ్చి పడుతుంది. మా అత్తయ్య మిశ్రచాపులో కీర్తన పాడుతూ తొడ మీద వేసే దెబ్బే అది.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది నాకు చాలా ఇష్టమైనది. 1969లో కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బంలో మబ్బులా కమ్ముకొచ్చే వయొలిన్ల హోరు ఉంటుంది. నిజానికి అక్కడ వయొలిన్లు లేవు. మెలోట్రాన్ అనే కీబోర్డు ఉంది. దాని ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపుముక్క ఉంటుంది. ఆ టేపు మీద ఎవరో వయొలిన్ మీద ఒక్క స్వరం వాయించి పట్టి ఉంచారు. మెట్టు నొక్కితే టేపు కదులుతుంది, స్వరం పలుకుతుంది. ఎనిమిది సెకన్లు పలుకుతుంది, అంతే. టేపు అయిపోతుంది. వేలు తీస్తే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. మళ్లీ నొక్కాలి. అంటే ఆ యంత్రానికి దమ్ము ఎనిమిది సెకన్లే. ఆ చిన్న దమ్ముల్ని ఒకదాని కొనకి ఒకటి ముడేసుకుంటూ వాళ్లు ఆకాశమంత పాట కట్టారు. నీ గొప్పతనం ఏమిటని ఎవరైనా అడిగితే నేను నిమిషాలు లెక్కపెట్టి చెప్పను. ఆ ఎనిమిది సెకన్ల సంగతి చెబుతాను. ఊపిరి ఎక్కడ ఆగిపోతుందో తెలిసి కూడా లోపలికి దిగడం, అదీ నీ గొప్పతనం.

ఆ మాట ఈ దీవికి చెప్పక్కర్లేదు.

బహ్రెయిన్ అంటే అరబ్బీలో రెండు సముద్రాలు. ఆ రెండూ ఏవని అడిగితే పెద్దవాళ్లు చెప్పే జవాబుల్లో నాకు నచ్చినది ఇది: ఒకటి కంటికి కనబడే ఉప్పునీళ్లు, రెండోది దాని అడుగున ఉబికే మంచినీళ్లు. ఈ దీవి చుట్టూ సముద్రగర్భంలో తీపి ఊటలు ఉండేవి. ముత్యాల కోసం నెలల తరబడి పడవ మీద ఉండేవాళ్లు తోలుసంచి పట్టుకుని మునిగి, ఉప్పునీటి అడుగు నుంచి తాగే నీళ్లు పట్టుకొచ్చేవాళ్లు. సముద్రంలో మునిగి సముద్రం కాని దాన్ని నింపుకురావడం! ఆ నీళ్ల రుచి ఎలా ఉండేదో ఊహించడానికి ఎన్నిసార్లు ప్రయత్నించానో.

ఓసిరిస్ మొదటి ఆల్బమా, నువ్వు ముందు ఉప్పునీళ్ల పాటవే. ఇంగ్లీషులో పాడావు. నీ గిటారులో క్యామెల్, జెనెసిస్ అనే ఇంగ్లీషు బృందాల నీడ ఉంది. సెయిలర్ ఆన్ ద సీస్ ఆఫ్ ఫేట్ అనే నీ పాట పేరు కూడా మైకేల్ మూర్‌కాక్ రాసిన నవల నుంచి వచ్చిందే. అయినా నువ్వు పుట్టిన కాలం చూడు. 1976, 77లలో ఇంగ్లండులో పంక్ వచ్చి పొడుగుపాటని వెళ్లగొట్టింది. పత్రికలు దాన్ని పాతిపెట్టేశాయి. మళ్లీ ఆ దేశంలో ఈ సంగీతానికి ప్రాణం పోసిందని చెప్పుకునే మారిలియన్ బృందం తొలి ఆల్బం 1983 మార్చిలో గానీ రాలేదు. ఈ లోపల, పుట్టింటివాళ్లే వద్దన్న పాటని, గల్ఫ్ నీళ్ల మధ్య ఇంత దీవిలో కొందరు కుర్రాళ్లు పెంచుకున్నారు. ముక్కలు ముక్కలుగా నరికేస్తే మళ్లీ అతుక్కుని లేచిన ఈజిప్టు దేవుడు ఓసిరిస్. వాళ్లు ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారో గానీ, పేరు మాత్రం పాటకి సరిగ్గా అతికింది.

1984లో వచ్చిన మిత్స్ అండ్ లెజెండ్స్, నువ్వు నాకు మొదటిదాని కంటే దగ్గరదానివి. మొదటి ఆల్బంలో గిటారు కాస్త ముందుకు దూకుతుంది, పడుచుదనం అది. నీ దగ్గరికి వచ్చేసరికి కీబోర్డు పరుపు పరిస్తే గిటారు దాని మీద ఒళ్లు విరుచుకుంటుంది. స్వరం నుంచి స్వరానికి జారేటప్పుడు తొందర లేదు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, కర్టెన్లు వేసుకుని, పగలు నిద్రపట్టని ఎన్ని ఉదయాలు నువ్వు నా పక్కన కూర్చున్నావో. 1989లో రిఫ్లెక్షన్స్ వచ్చింది. దాన్ని గౌరవిస్తాను, అంతకు మించి చెప్పలేను. నా మనసంతా ఆ తర్వాత చాలా ఏళ్లకి వచ్చిన దాని మీద ఉంది. అక్కడికి వెళ్లాలంటే ముందు ఒక కుండ దగ్గర ఆగాలి.

ముహర్రఖ్ పాతబస్తీలో దార్ అనే పాటల ఇళ్లు ఉన్నాయి. ముత్యాల పడవలవాళ్లు ఒడ్డుకి చేరాక కూడి పాడుకునే చోట్లవి. ఆ పాటల్ని ఫిజ్రీ అంటారు. అక్కడ నేల మీద కూర్చున్న ఒక పెద్దాయన ఒళ్లో మట్టికుండ చూశాను. జహ్లా అంటారు దాన్ని. మంచినీళ్లు పోసుకునే కూజాయే. పడవ మీద పగలు దాంట్లోంచి నీళ్లు తాగి, రాత్రి దాన్నే వాయించేవాళ్లు. ఆయన అరచెయ్యి మెత్తగా కుండ మూతి మీద ఆన్చితే గుబ్ మని లోపలి గాలి పలికింది. రెండో చేతి వేళ్లు కుండ పొట్ట మీద గులకరాళ్లు జారినట్టు జారాయి. ఘటం! మన కచేరీల ఘటమే, అన్న పలకరిస్తే తమ్ముడు పలికినట్టు. పక్కన మిర్వాస్ అనే చిన్న డోళ్లు, వేళ్ల సందున కంచు తాళాలు. నహ్హామ్ అనే పెద్దగాయకుడు గొంతెత్తి పై స్థాయిలో ఏడుపులాంటి పిలుపు పిలిచాడు. చుట్టూ ఉన్న మగవాళ్లంతా ఆయన గొంతుకి రెండు స్థాయిలు కిందకి దిగి, నోరు తెరిచీ తెరవకుండా ఒక హూంకారం అందుకున్నారు. నేల అదిరింది. నేను కూర్చున్న చాప అదిరింది. ఏ ఆంప్లిఫయరూ లేదు.

ఈ పాటల్ని మనుషులు జిన్నుల దగ్గర నేర్చుకున్నారని ఇక్కడ కథ చెబుతారు. ఆ హూంకారం విన్నాక నమ్మడం కష్టం కాలేదు.

ఫిజ్రీ కూడా పొడుగుపాటే. ఒక్క దరువు మీద నిలవదు, మెట్టు మెట్టుగా మారుతుంది, ఆగినట్టు ఆగి కొత్త నడక అందుకుంటుంది. అది పుట్టిన బతుకు అలాంటిది. వేసవిలో నాలుగు నెలలు సముద్రం మీదే. మునిగేవాణ్ని ఘైస్ అంటారు, తాడు పట్టుకుని పైన నిలబడేవాణ్ని సైబ్ అంటారు. ముక్కుకి చిన్న క్లిప్పు తగిలించుకుని, పాదానికి రాయి కట్టుకుని, మెడలో బుట్టతో ఘైస్ కిందకి పోతాడు. నిమిషమో, కొంచెం ఎక్కువో. తాడు కుదిపితే సైబ్ లాగుతాడు. గిల్గమేష్ కథలో వీరుడు కాళ్లకి రాళ్లు కట్టుకుని అమరత్వపు మొక్క కోసం మునిగింది కూడా ఇలాగే. పూర్వం దిల్మున్ అన్నది ఈ నేలనే. పైకి వచ్చిన ముత్యం మాత్రం ఘైస్‌ది కాదు. పెట్టుబడి ముందే అప్పుగా ఇచ్చేవాళ్లు, ఆ అప్పు తీరకపోతే తండ్రి నుంచి కొడుక్కి దిగేది. నహ్హామ్ గొంతులో ఆ ఏడుపు ఊరికే రాలేదు.

ఆ ముత్యాలు బొంబాయి చేరేవి, బొంబాయి నుంచి మన హైదరాబాదు. పత్తర్‌గట్టి దుకాణాల్లో బస్రా ముత్యాలని అమ్మినవి బస్రాలో పుట్టినవి కావు, ఈ గల్ఫ్ నీళ్లలో పుట్టినవి. నిజాం నగల్లో ఏడుపేటల ముత్యాలహారం, సత్‌లడా ఉంది. దాని ఒక్కో పూసకీ అడుగున ఎవరి ఊపిరి బిగబట్టి ఉందో నిజాం నవాబు లెక్కల్లో రాయలేదు. 1965లో దినార్ వచ్చేదాకా ఇక్కడ చెల్లింది కూడా రూపాయే. మనం ఇప్పుడొచ్చిన చుట్టాలం కాము. మన మెడలోని నగ మనకంటే ముందే చూసింది ఈ ఒడ్డుని.

తర్వాత జపాన్‌లో మికిమోతో పెంపకపు ముత్యం తీశాడు. బజారు పడిపోయింది. 1932లో ఇక్కడే, గల్ఫ్ అరబ్బు ఒడ్డున మొదటిసారి, చమురు పడింది. ఘైస్‌లు ఒడ్డెక్కారు. తోలుసంచులు ఎండిపోయాయి. కాలక్రమంలో సముద్రం అడుగున ఊటలూ సన్నగిల్లాయి.

అలాంటి నేల మీద, 2010లో, ఓసిరిస్ బృందం ఒక ఆల్బం తెచ్చింది. పేరు టేల్స్ ఆఫ్ ద డైవర్స్. మునకగాళ్ల కథలు.

ఇన్నాళ్లకి పరాయి నవలలోని నావికుణ్ని దింపి, తమ తాతల పడవెక్కారు. తల్లీ, నిన్ను విన్నప్పుడు నాకు ఆ తోలుసంచి గుర్తొస్తుంది. అవే గిటార్లు, అవే కీబోర్డులు, అదే ఉప్పునీళ్లు. కానీ ఈసారి సంచి మూతి తీపి ఊట మీద పెట్టారు. ముత్యపు మునకకి పొడుగుపాట కంటే తగిన సంగీతం ఇంకోటి ఉంటుందా! మూడు నిమిషాల పాటలో మునిగేలోపే తాడు లాగేస్తారు. ఇక్కడ దిగడానికి టైముంది, అడుగున చీకట్లో తడుముకోవడానికి టైముంది, చెవుల్లో ఒత్తిడి పెరిగి, ఇక చాలు అనిపించాక ఒక్క గుల్ల కోసం ఇంకొంచెం ఆగడానికి టైముంది. ఆ తర్వాత గిటారు పైకి లేస్తుంది చూడు, అది సైబ్ తాడు లాగడమే.

మా తాత ఉప్పాడ ఒడ్డున అలివి వల లాగినవాడు. ఇరవై ముప్పై మంది తాడు పట్టుకుంటే, ఒకడు పాట ఎత్తేవాడు, మిగతావాళ్లు హైలెస్సా అని లాగేవాళ్లు. అదెంతసేపు సాగేదంటే వల ఒడ్డుకి వచ్చేంతసేపు. ఆ పాట నిమిషాలు ఎవరూ లెక్కపెట్టలేదు. ఎత్తుకునేవాడు మాట మార్చేవాడు, నడక మార్చేవాడు, అలసిన చేతుల్ని చూసి దరువు తగ్గించేవాడు. ఆ ఒడ్డు ఇప్పుడు చాలామటుకు సముద్రంలో కలిసిపోయింది. ఆ పాట ఎవరూ రికార్డు చేయలేదు. నేను ఇక్కడ, ఇంకొకరి తాతల పాటలో, మా తాత తాడు పట్టుకుంటాను.

బూ మాహిర్ కోట పక్కన ఒడ్డుంది. ముత్యాల పడవలు అక్కణ్నుంచే బయలుదేరేవి. 2012లో యునెస్కో ఆ ఒడ్డునీ, ముహర్రఖ్‌లోని ముత్యాల కాలపు ఇళ్లనీ, సముద్రంలోని మూడు గుల్లల తిప్పల్నీ ప్రపంచ వారసత్వంలో చేర్చింది. 2021లో ఫిజ్రీ పాటని కూడా గుర్తించింది. మొన్న సెలవునాడు కుర్రాణ్ని అక్కడికి తీసుకెళ్లాను. వాడు రాళ్ల మీద కూర్చుని మునకగాళ్ల కథలు మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. మాటలు ఎప్పుడొస్తాయని అడగలేదు. చీకటి పడింది. ఎదురుగా ఓడల దీపాలు.

గదికి తిరిగొచ్చి వంట మొదలుపెట్టాం. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. వెనక నుంచి గుబ్ మని చప్పుడైంది. తిరిగి చూస్తే, ఖాళీ అయిన మంచినీళ్ల క్యాను ఒళ్లో పెట్టుకుని, అరచెయ్యి దాని మూతి మీద ఆన్చి, వాడు ఏదో వెతుక్కుంటున్నాడు. నాలుగు దెబ్బలు వేశాడు, ఆగాడు, తల అడ్డంగా ఊపాడు. మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఏడు.