ముందు కాలువ, తర్వాతే ఓడ

క్రూజ్‌కి వెళ్దామనుకునేవాళ్ళు చాలామంది ముందు ఓడను చూస్తారు. ఎన్ని అంతస్తులు, గదికి బాల్కనీ ఉందా, శాకాహారం దొరుకుతుందా అని అడుగుతారు. కాలువ గుండా సాగే ప్రయాణానికి ఈ వరస పనికిరాదు. రెండు వారాల ప్రయాణంలో ఓడ కాలువలో ఉండేది ఒక్క పగలు. ముందు ఆ పగటిని ఖాయం చేసుకోవాలి. తేదీ, ఓడ, గది, విమానం టికెట్టు, వీసా అన్నీ దాని చుట్టూ అల్లుకోవాలి. పనామా కాలువ మీదుగా ఒకసారి వెళ్ళిరావాలని మేమిద్దరం కాగితాలు ముందేసుకుని కూర్చున్నప్పటి నుంచి నాకు ఈ నమ్మకం గట్టిపడుతూనే ఉంది.

"కాలవ చూసేదానికి అంత దూరం ఎందుకు పోయేది? మన పక్కనే ఉండాది గదా," అంది మా ఆవిడ మొదట్లో. ఆ మాటలో న్యాయముంది. శ్రీ సిటీ చుట్టుపక్కల ఉండే మాకు రెండు కాలువలు దగ్గరే. ఒకటి కండలేరు నుంచి వచ్చి, సత్యవేడు ప్రాంతం మీదుగా తమిళనాడులోని పూండికి కృష్ణా నీళ్ళు మోసుకుపోయే తెలుగుగంగ కాలువ. రెండోది తూర్పున పులికాట్ పొడవునా సాగే బకింగ్‌హామ్ కాలువ. మొదటిది నీళ్ళ కోసం, రెండోది పడవల కోసం.

ఆ రెండోదాని గురించి నాలుగు మాటలు చెప్పకుండా పనామాకు పోలేను. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు చిన్నగా మొదలైన తవ్వకం, కొన్ని దశాబ్దాలపాటు ఉత్తరానికి సాగుతూ దుగరాజపట్నం, కృష్ణపట్నం దాటింది. 1877-78 నాటి పెద్ద కరువులో, పని కోసం వచ్చిన జనంతో మద్రాసు నగరంలో కూవం, అడయారు నదులను కలిపే ముక్కను తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరే కాలువకు నిలిచింది. మన తీరంలోని ఉప్పు, వంటచెరకు, ధాన్యం ఈ నీళ్ళ మీదే మద్రాసు చేరేవి. 1965, 66 సంవత్సరాల తుపానులకు బాగా దెబ్బతిన్నది, తర్వాత కోలుకోలేదు. 2008లో జాతీయ జలమార్గం-4లో చేర్చారు గానీ, మన వైపు చాలాచోట్ల ఇంకా పూడికే కనిపిస్తుంది. కరువులో ఆకలిగొన్న మనుషులు తవ్విన కాలువను ఇట్లా వదిలేయడం నాకు బాధగా ఉంటుంది. తడ దగ్గర భీమునివారిపాళెం పడవల రేవుకి వెళ్ళినవాళ్ళు పులికాట్‌ని, పక్షులని చూసి తిరిగొస్తారు. ఈ తీరాన ఒక పడవల దారి ఉండేదని వాళ్ళ పిల్లలకు చెప్పేవాళ్ళు తక్కువ.

ఇక ఓడల కాలువలు. మనకు దగ్గరిది సూయజ్. శ్రీ సిటీలోని ఆల్‌స్టామ్ కర్మాగారంలో తయారైన మెట్రో రైలు పెట్టెలు మాంట్రియల్‌కి ఓడల మీదే వెళ్ళాయి. మన రేవుల నుంచి అట్లాంటిక్ వైపు పోవడానికి దగ్గర దారి సూయజే. 1869 నవంబరు 17న తెరిచిన ఆ కాలువ పొడవు ఇప్పుడు 193 కిలోమీటర్లు, దానికి లాకులు లేవు. రెండు సముద్రాల మట్టం దాదాపు ఒకటే కనుక ఓడ వరుసలో నిలబడి సాగిపోతుంది. కానీ 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక క్రూజ్ కంపెనీలు చాలా ప్రయాణాలు రద్దు చేశాయి, మరికొన్నిటిని ఆఫ్రికా చుట్టూ తిప్పాయి. డబ్బు కట్టాక దారి మారితే కాలువ కోసం వెళ్ళినవాడికి మిగిలేదేమీ లేదు. మేము పనామా ఎంచుకోవడానికి అదొక కారణం. అసలు కారణం లాకులు.

పనామాలో ఓడ కొండెక్కుతుంది. అట్లాంటిక్ వైపు గాటున్ దగ్గర మూడు మెట్లలో సముద్రమట్టం నుంచి 26 మీటర్ల పైకి లేస్తుంది. అక్కడ చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టి నింపిన గాటున్ సరస్సు ఉంది. సరస్సు దాటి, కులెబ్రా దగ్గర కొండను కోసిన ఇరుకు దారిలో సాగి, పెడ్రో మిగెల్‌లో ఒక మెట్టు, మిరాఫ్లోరెస్‌లో రెండు మెట్లు దిగి పసిఫిక్‌లో పడుతుంది. మొత్తం సుమారు 80 కిలోమీటర్లు, ఎనిమిది నుంచి పది గంటలు. పైకి లేపడానికి ఒక్క పంపు కూడా లేదు. ఓడ లాకులోకి రాగానే వెనక తలుపులు మూస్తారు, పై సరస్సు నీటిని గోడల్లోని, అడుగునున్న సొరంగాల గుండా వదులుతారు. నీళ్ళు పల్లానికి పారే గుణం ఒక్కటే వేల టన్నుల ఓడను ఎత్తుతుంది. 1914 ఆగస్టు 15న తెరిచిన నాటి నుంచి పాత లాకుల్లో పద్ధతి ఇదే.

ఒక్క ఓడ ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికి సుమారు 20 కోట్ల లీటర్ల మంచినీళ్ళు సముద్రంలో కలుస్తాయి. తెలుగుగంగ గట్టున ఉండేవాళ్ళకు లీటర్ల కంటే టీఎంసీలు బాగా తెలుస్తాయి. సుమారు 140 ఓడలు దాటితే ఒక టీఎంసీ. మామూలు రోజుల్లో దినానికి 36 ఓడల దాకా దాటుతాయి కనుక, నాలుగు రోజులకు ఒక టీఎంసీ. మద్రాసు దాహానికి మూడు రాష్ట్రాలు కలిసి ఏడాదికి ఇస్తామని ఒప్పుకున్న 15 టీఎంసీలు ఆ కాలువలో రెండు నెలల ఖర్చు. 2023లో అక్కడ వానలు లేక సరస్సు తగ్గితే రోజుకు 24 ఓడలకు కుదించాల్సి వచ్చింది. నీటి కరువు ఎరిగిన మన ప్రాంతపు మనిషి ఆ సరస్సును మిగతా ప్రయాణికుల కంటే శ్రద్ధగా చూస్తాడని నా నమ్మకం.

అందుకే ఏజెంటుని మొదట అడగాల్సింది, ఓడ ఈ సముద్రం నుంచి ఆ సముద్రానికి పూర్తిగా దాటుతుందా లేదా అని. పనామా కాలువ పేరుతో అమ్మే వాటిలో కొన్ని గాటున్ లాకులెక్కి, సరస్సులో కాసేపు ఉండి, వచ్చిన దారినే దిగిపోతాయి. ఇంకొన్ని కోలోన్ రేవులో ఆగి బస్సులెక్కిస్తాయి. డబ్బు తక్కువే, కానీ కులెబ్రా కనబడదు. తర్వాత, పాత లాకులా కొత్త లాకులా? 2016 జూన్ 26న తెరిచిన కొత్త లాకులు 55 మీటర్ల వెడల్పు, భారీ ఓడలు వాటిలో వెళ్తాయి. పాత లాకు వెడల్పు 33.5 మీటర్లు. 32 మీటర్ల ఓడ అందులో దూరితే పక్కన గోడ రెండున్నర అడుగుల దూరంలో ఉంటుంది, పట్టాల మీద చిన్న ఇంజన్లు ఓడను తీగలతో సూటిగా పట్టుకుని నడిపిస్తాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళు పాత లాకుల్లో పట్టే ఓడనే ఎంచుకోవాలి. ఆ ఓడలో హంగులు తక్కువైనా సరే. బాల్కనీ గది కూడా అక్కర్లేదు. ఆ రోజు తెల్లవారకముందే ముందు డెక్ మీదికి చేరితే సాయంత్రం దాకా గదికి పోబుద్ధి కాదు. కిటికీ లేని గదితో మిగిలే డబ్బు విమానం టికెట్లకు పనికొస్తుందని మా ఆవిడే తేల్చింది.

అక్కడ వానలు తక్కువగా ఉండేది డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ దాకా. సంక్రాంతి ఇంట్లో చేసుకుని బయలుదేరితే సరిగ్గా సరిపోతుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి చలికాలమంతా ఇంట్లో ముడుచుకుని కూర్చునే మన పెద్దవాళ్ళకు ఇది మంచి కాలం. ఫ్లోరిడాలో ఎక్కి కాలిఫోర్నియాలో దిగే ఓడలున్నాయి. ఓడ ఒకసారి అమెరికా వదిలి తిరిగొస్తుంది కనుక వీసా ఎక్కువసార్లు ప్రవేశానికి చెల్లేదై ఉండాలి.

కాగితాల్లో మనవాళ్ళు మరిచిపోయేది ఎల్లో ఫీవర్ పత్రం. ఆ జ్వరం చరిత్ర కాలువ చరిత్రలోనే ఉంది. సూయజ్ కట్టించిన లెసెప్స్ 1880లలో పనామా తవ్వబోతే ఎల్లో ఫీవర్, మలేరియా, ప్రమాదాలు కలిసి సుమారు 22 వేలమంది కూలీలను మింగాయి, కంపెనీ దివాలా తీసింది. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. ఎల్లో ఫీవర్‌ని మోసేదీ దోమేనని కొద్దికాలానికే క్యూబాలో రుజువైంది. ఆ జ్ఞానంతో గోర్గస్ అనే సైనిక వైద్యుడు పనామాలో నీటి గుంటలు పూడ్పించి, కిరోసిన్ చల్లించి, దోమతెరలు కట్టించాడు. ఆ తర్వాతే, ఆగిన పనిని చేతికి తీసుకున్న అమెరికా వాళ్ళు కాలువ పూర్తి చేయగలిగారు. మన సికింద్రాబాద్‌లో జరిగిన పని అంత దూరాన ఓడలకు దారి ఇచ్చిందంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఎల్లో ఫీవర్ ఆ ప్రాంతాన్ని పూర్తిగా వదల్లేదు. ఆ జ్వరం ముప్పున్న దేశాలంటూ మన ప్రభుత్వం పెట్టిన జాబితాలో పనామా, దారిలో ఓడలు ఆగే కొలంబియా రెండూ ఉన్నాయి. వాటిని వదిలిన ఆరు రోజుల్లోపు టీకా పత్రం లేకుండా ఇండియాలో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. కాలిఫోర్నియా దాకా సాగే ఓడలో ఆ గడువు సముద్రం మీదే గడిచిపోవచ్చు గానీ, సగం దారి చూసి ఫ్లోరిడాకు వచ్చి వెంటనే ఇంటికి బయలుదేరేవాళ్ళకు గడవదు. దారిలోని ఇతర దేశాలూ పత్రం అడగవచ్చు. మనకు దగ్గరి టీకా కేంద్రం చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. అరవై దాటినవాళ్ళు ముందు తమ డాక్టర్ని తప్పక అడగాలి, కొందరికి ఆ టీకా పడదు. వేయించుకున్న పది రోజుల తర్వాతే పత్రం చెల్లుతుంది, ఆపైన జీవితాంతం చెల్లుతుంది. కనుక ఓడకు అడ్వాన్సు కట్టే ముందే ఈ పని తేల్చుకోండి.