తరిమెన పట్టే చేతికి తోడు

కోనసీమ పాత మండువా ఇళ్ళలో తరిమెన (లేత్) పని లేని గది అరుదు. పందిరి మంచం కోళ్ళు, వసారా కటకటాల గుంజలు, వంటింట్లో అప్పడాల కర్ర, పూజ అరలో కుంకుమ భరిణె, పిల్లల చేతిలో బొంగరం, ఇవన్నీ తిరిగే చెక్కకి ఉలి ఆనించి తీసినవే. బొంగరం ఒంటరిది కాబట్టి కాస్త లావైనా అడిగేవాడు లేడు. మంచం కోళ్ళ సంగతి వేరు. నాలుగూ ఒకేలా ఉండాలి. కటకటాల గుంజలైతే పదుల కొద్దీ పక్కపక్కన నిలబడతాయి. వాటిలో ఒక్కటి తేడాగా ఉన్నా గుమ్మంలోంచే తెలిసిపోతుంది.

ఈ పోలిక కుదర్చడంలోనే పనివాడి నేర్పు కనిపిస్తుంది. చెక్కని ముందు గుండ్రంగా చేసుకుంటాడు. ఎక్కడ గుబ్బ రావాలో, ఎక్కడ గాడి పడాలో ఒక బద్ద మీద గుర్తులుంటాయి. బద్దని తిరిగే చెక్కకి ఆనించి పెన్సిల్ గీతలు దించుతాడు. ప్రతి గీత దగ్గరా సన్న ఉలితో లోతు తీసి, కాలిపర్‌తో లావు కొలుస్తాడు. ఆ లోతుల మధ్య ఉన్న కండని ఒంపులుగా కలపడం మాత్రం కంటి కొలతే. లావులో చిన్న తేడా వస్తే చూసేవాళ్ళు పోల్చుకోలేరు. గుబ్బ కాస్త పైకో కిందికో జరిగితే వెంటనే పట్టేస్తారు. అందుకే అనుభవం ఉన్నవాడు పొడవు గుర్తుల దగ్గర ఎక్కువ జాగ్రత్త పడతాడు.

మొదటి గుంజ తీసేటప్పుడు మెదడు పనిచేస్తుంది. ఇరవయ్యో గుంజకి వచ్చేసరికి భారమంతా మణికట్టు మీదే. ఉలి నిజానికి ఒక మీటలా పనిచేస్తుంది. దాన్ని ఆనించే కడ్డీ నుంచి మొన అంగుళం ముందుకి, చెయ్యి పది అంగుళాలు వెనక్కి ఉంటే, చెక్క తోసే బలంలో పదో వంతు చేతికి వస్తుంది. అదే మొన మూడంగుళాలు ముందుకి సాగితే ఆ బరువు మూడింతలవుతుంది. ఎండు టేకులో ముడి తగిలినప్పుడల్లా ఆ దెబ్బ పిడి గుండా బొటనవేలి మొదలుకీ, మోచేతికీ చేరుతుంది. పైగా పట్టు సడలించడానికి వీల్లేదు. కండరం బిగిసిన చోటే బిగిసి ఉండి, అదరడం మాత్రం ఆగకపోతే కొన్నేళ్ళకి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, పిడికిలి సరిగ్గా ముడుచుకోదు. చేతిలో పనితనం పండే వయసుకి చేతిలో బలం తగ్గుతుంది.

ఈ శ్రమని తగ్గించుకునే ప్రయత్నం మన దగ్గర కొత్తదేమీ కాదు. అన్నవరం, తుని దాటి ఉత్తరానికి వెళితే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక వస్తుంది. అక్కడి లక్క బొమ్మలు తరిమెన మీద పుట్టినవే. ఒకప్పుడు ఒకరు తాడు లాగుతుంటే మరొకరు ఉలి పట్టేవారు. తాడు లాగే తరిమెనలో చెక్క ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి తిరుగుతుంది. ముందుకి తిరిగినప్పుడే ఉలి కోస్తుంది, వెనక్కి తిరిగేటప్పుడు ఊరికే ఆగాలి. కరెంటు మోటారు వచ్చాక తాడు లాగే మనిషి భుజాలకి విశ్రాంతి దొరికింది, ఉలి పట్టినవాడికి సమయం కలిసొచ్చింది. అంతమాత్రాన ఏటికొప్పాక బొమ్మ తన గుర్తింపు పోగొట్టుకోలేదు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. సహజ రంగుల్ని మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకి 2023లో పద్మశ్రీ వచ్చింది.

మోటారు ఒకరి భుజాన్ని కాపాడింది. డూప్లికేటర్ అనే అమరిక రెండో మనిషి మణికట్టుని కాపాడగలదు. ఈ ఆలోచనకి రెండు వందల ఏళ్ళు దాటాయి. అమెరికాలో థామస్ బ్లాంచర్డ్ 1819లో పేటెంటు తీసుకున్న యంత్రం ఒక నమూనాని తాకుతూ, అదే ఆకారంలో తుపాకుల కర్ర భాగాన్ని చెక్కేది. ఇప్పుడు చిన్న వర్క్‌షాపులకి సరిపోయే డూప్లికేటర్ అంతకన్నా చాలా తేలిక. లేత్‌కి సమాంతరంగా ఒక పట్టీ బిగిస్తారు. గుంజ పక్కనుంచి చూస్తే కనిపించే అంచుని ప్లైవుడ్‌లోనో ఇనప రేకులోనో కోసి ఆ పట్టీకి అమరుస్తారు. జారే పీట మీద కోత మొన ఒకటి, నమూనా అంచుని తాకే మొన ఒకటి ఉంటాయి. తాకే మొన ఒంపు తిరిగితే కోత మొనా అలాగే తిరుగుతుంది. చెక్క తోసే బలం పీట ద్వారా లేత్ దిమ్మకి పోతుంది. పనివాడు పీటని నెమ్మదిగా జరిపితే చాలు, పిడికిలి బిగించక్కర్లేదు.

అలాగని మిషన్‌కి అంతా వదిలేస్తే పని చెడుతుంది. తాకే మొన గుండ్రం, కోత మొన గుండ్రం ఒకే కొలతలో లేకపోతే నమూనాలో ఉన్న ఒంపు చెక్క మీద తేడాగా దిగుతుంది. ఎంత సరిచూసినా మొన కన్నా సన్నటి గాడి పడదు. ఒకేసారి లోతుగా కోస్తే సన్న గుంజ మధ్యలో వంగి అదురుతుంది. దానికి నడుమ ఒక ఊత ఇచ్చి, కొద్దికొద్దిగా తీయాలి. అన్నిటికన్నా ముఖ్యం చెక్క నార. గుబ్బ మీంచి పల్లంలోకి దిగుతూ కోస్తే నార నున్నగా తెగుతుంది. పల్లంలోంచి పైకి ఎక్కితే నార లేచి గరుకు తేలుతుంది. ఈ సంగతి చేతికి తెలుసు, మిషన్‌కి తెలియదు. కాబట్టి పీటని ఒక కొస నుంచి మరో కొసకి ఏకబిగిన నెట్టకుండా, ప్రతి గుబ్బకీ రెండు పక్కలా కిందికే నడపాలి. తగిన లావు మీద కాస్త మిగిల్చి, చివరి పొరని పదునైన ఏటవాలు ఉలితో చేత్తో తీస్తే ఉప్పు కాగితం పని సగం తగ్గుతుంది.

ఏటికొప్పాక బొమ్మల మీద లక్క పూత కూడా చేతి పనే. బొమ్మ తిరుగుతుండగా రంగు లక్క కడ్డీని దానికి ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క ఎండకి పెట్టిన మైనంలా మెత్తబడి చెక్కకి పడుతుంది. తరవాత మొగలి ఆకుతో రుద్దితే పూత సర్దుకుని మెరుపు తేలుతుంది. ఒత్తిడి ఎక్కువైతే లక్క మాడుతుంది, తక్కువైతే చారలు పడతాయి. అంకుడు చెక్క మెత్తనిది, దగ్గరి నార ఉన్నది కాబట్టి ఈ పనికి అమరింది. పసుపు నుంచి పసుపు రంగు, నీలిమందు నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ రంగు తీస్తారు. ఈ పూత పనిలో నమూనా పట్టీకి చోటు లేదు.

మణికట్టు నొప్పికి డూప్లికేటర్ ఒక్కటే మందు కాదు. మొద్దు ఉలికి ఎక్కువ బలం కావాలి, కాబట్టి మొదటి వైద్యం సానరాయి దగ్గరే. లేత్ నడిమి గీత నిలబడ్డవాడి మోచేతి ఎత్తుకి రావాలి. ఆనుడు కడ్డీని చెక్కకి దగ్గరగా జరుపుకోవాలి. పిడి లావుగా ఉంటే వేళ్ళు బిగించనక్కర్లేదు. చీర కొంగు, వదులు చొక్కా చేతులు తిరిగే చెక్కకి దూరంగా ఉండాలి. దుమ్ముకి మాస్కు, కళ్ళకి అద్దాలు తప్పనిసరి. తిమ్మిరి రాత్రుళ్ళు నిద్రలేపే దాకా వస్తే డాక్టరుకి చూపించుకోవాలి.

రాజమండ్రి చుట్టుపక్కల ఫర్నిచర్ వర్క్‌షాపుల్లోనైనా, ఏటికొప్పాక ఇళ్ళలోనైనా ఈ అమరిక వల్ల జరిగే అసలు మేలు లెక్క పెంచడం కాదు. లెక్క కావాలంటే ఫ్యాక్టరీలున్నాయి. మణికట్టు నొప్పితో యాభై ఏళ్ళకే ఉలి పక్కన పెట్టేసే పెద్దాయన మరికొన్నేళ్ళు పనిలో ఉండడమే ఆ మేలు. గుంజకి ఎక్కడ బలం ఉంచాలో, ఏ గుబ్బ కింద ఎంత పల్లం తీస్తే కంటికి హాయిగా ఉంటుందో ఆయనకి తెలుసు. ఆయన చేత్తో తీసిన మొదటి గుంజ నుంచే నమూనా పుడుతుంది. అందుకే నేర్చుకునే కుర్రాణ్ణి ముందు డూప్లికేటర్ దగ్గర నిలబెట్టకూడదు. వాడు చేత్తో కొన్ని కోళ్ళు పాడు చేయాలి, కొన్ని నిలబెట్టాలి. ఆ దశ లేని వర్క్‌షాపులో మిషన్ ఎంత మంచిదైనా పాత నమూనాలే తిరుగుతూ ఉంటాయి. కొత్త నమూనా గీసేవాడు ఉండడు.